పాత అనలాగ్ సింథ్ కొనాలా, కొత్త డిజిటల్ మోడలింగ్ సింథ్ కొనాలా?

బరాత్‌లలో, జాతరల్లో వాయించేవాళ్ల దగ్గర ఇండియన్ టోన్లున్న కీబోర్డు ఒకటి, రిథమ్ ప్యాడ్ ఒకటి ఎట్లాగూ ఉంటాయి. సొంతంగా పాటలు చేయడం మొదలుపెట్టాక ఆ కీబోర్డులోని సింథ్ బేస్, సింథ్ లీడ్ పలచగా వినిపిస్తాయి. అప్పుడు కన్ను రెండు వైపులకు పోతుంది. ఒకటి, 1970, 80ల నాటి జపాన్ లేదా అమెరికా అనలాగ్ సింథ్ (సింథసైజర్), అంటే శబ్దాన్ని సర్క్యూట్‌తో నేరుగా పుట్టించే వాద్యం. రెండోది, ఆ పాత సర్క్యూట్ చేసే పనిని లెక్కగట్టి అదే శబ్దం పలికించే ఇప్పటి డిజిటల్ మోడలింగ్ సింథ్.

తీర్పు ముందే చెప్పేస్తాం. బయట తిరిగి వాయించేవాళ్లకు మోడలింగే. నల్లగొండలోనో పాలమూరులోనో చిన్న స్టూడియో పెట్టుకున్నవాళ్లకు కూడా మొదటి సింథ్ మోడలింగే. పాత అనలాగ్ ఎవరికంటే, ఏసీ గది ఉండి, ఫలానా మిషన్‌లోని ఫలానా శబ్దమే కావాలని తెలిసి, అది చెడిపోయి మూడు నెలలు మూలకు కూర్చున్నా పని ఆగనివాళ్లకు. పాతదాని శబ్దానికి వంక పెట్టడానికేమీ లేదు. మన దగ్గర లెక్క తేల్చేవి ఎండ, కరెంటు, రిపేరు.

ముందు జాతి తెలుసుకోండి

పాతదల్లా అనలాగ్ కాదు. యమహా డీఎక్స్7 1983లో వచ్చింది. నలభై ఏళ్లు దాటినా అది ఎఫ్ఎమ్ (ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని ఊపి శబ్దం పుట్టించే) పద్ధతిలో నడిచే పూర్తి డిజిటల్ మిషన్. దాన్ని "వింటేజ్ అనలాగ్" అని అమ్మచూపేవాళ్లుంటారు, ఆ పేరు చూసి ధర కట్టొద్దు.

అసలైన అనలాగ్‌లోనూ రెండు రకాలున్నాయి. మినీమోగ్ (1970), ప్రాఫెట్-5 (1978), జూపిటర్-8 (1981) వీసీఓ మీద నడుస్తాయి, అంటే వీటి ఆసిలేటర్ (స్వరాన్ని పుట్టించే భాగం) పలికే స్వరాన్ని వోల్టేజే నిర్ణయిస్తుంది. జూనో-60 (1982), జూనో-106 (1984) డీసీఓ మీద నడుస్తాయి. వీటిలో స్వరం డిజిటల్ గడియారం (క్లాక్ సర్క్యూట్) నుంచి వస్తుంది, ఫిల్టరూ (శబ్దంలో పై భాగాన్ని కోసేది) ఆ తర్వాతి దారీ మాత్రం అనలాగ్. ఈ తేడా కాగితం మీద చిన్నదే, మే నెలలో మాత్రం బాగా తెలుస్తుంది. అన్నట్టు మోగ్‌ను "మూగ్" అనకండి. మన "మోగు" అన్న మాటలాగే పలకాలి, పేరు అట్లా కలిసొచ్చింది.

మోడలింగ్‌లో కూడా తరాలున్నాయి. 1995లో వచ్చిన నార్డ్ లీడ్, 2002లో వచ్చిన మైక్రోకార్గ్ లాంటివి అనలాగ్ సింథ్ మొత్తంగా ఎట్లా పలుకుతుందో దాని నమూనా. రోలాండ్ సిస్టమ్-8, జేయూ-06ఏ లాంటివి ఒక ఫలానా పాత మిషన్ సర్క్యూట్‌ను భాగం భాగంగా లెక్కిస్తాయి. కంప్యూటర్‌లో నడిచే డీవా లాంటి సాఫ్ట్‌వేర్ కూడా ఈ రెండో కోవదే.

ఎండ చేసే పని

వీసీఓలో వోల్టేజిని స్వరంగా మార్చేది ఒక ట్రాన్సిస్టర్ జంట. దాని నడక ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది, డిగ్రీకి సుమారు 0.33 శాతం. వినడానికి చిన్నదే, కానీ లెక్కేసి చూడండి. పొద్దున ఏడింటికి గది 28 డిగ్రీలు, మధ్యాహ్నం రెండింటికి 38 అనుకుందాం. పది డిగ్రీలకు 3.3 శాతం. ఆక్టేవ్‌కు (స్థాయికి) 1200 సెంట్లు, అంటే పక్కపక్క మెట్ల మధ్య వంద, కాబట్టి ఒక్కో ఆక్టేవ్ దగ్గర 40 సెంట్లు తగ్గుతుంది, అంటే మెట్టులో సగానికి కాస్త తక్కువ. దీన్ని సరిచేయడానికే ఉష్ణోగ్రతను బట్టి మారే ప్రత్యేక రెసిస్టర్‌ను పెడతారు. కొత్తగా ఉన్నప్పుడు అది చాలావరకు కాస్తుంది. నలభై ఏళ్లు గడిచి, ట్రిమ్మర్లు (లోపలి సర్దుబాటు స్క్రూలు) ఎవరెవరో తిప్పి ఉన్న మిషన్‌లో ఆ కాపుదల సగమే మిగులుతుంది.

గుర్తు పట్టడం సులువు. కింది ఆక్టేవ్‌లో స్వరం సరిగానే ఉండి, పైకి పోయేకొద్దీ దిగిపోతుంటే అది వేడి పని. ట్యూన్ నాబ్ తిప్పి పైన సరిచేస్తే కింద తప్పుతుంది. మొత్తంగా అన్ని స్వరాలూ ఒకే కొలతలో జరిగితే మాత్రం నాబ్ చాలు.

అందుకే వీసీఓ మిషన్‌ను ఆన్ చేసి అరగంట వదిలేశాకే శ్రుతి పట్టాలి. ఇక్కడ ఒక తప్పు దాదాపు అందరూ చేస్తారు: ఎండకాలం కూలర్‌ను మిషన్ వైపు తిప్పుతారు. కూలర్ గాలి మిషన్‌కు ఒక పక్కే తగిలితే ఒక ఆసిలేటర్ చల్లబడి ఇంకొకటి వేడిగా ఉంటుంది, మూడు ఆసిలేటర్లు మూడు శ్రుతుల్లో మొత్తుకుంటాయి. పైగా కూలర్ తెచ్చే తడి ఇంకో రోగం. గది మొత్తానికి ఒకే చల్లదనం ఇచ్చే ఏసీ లేకపోతే, ఏప్రిల్, మే నెలల్లో వీసీఓతో రికార్డింగు పెట్టుకోవద్దు. ప్రాఫెట్-5లో తనంతట తాను శ్రుతి పట్టే ట్యూన్ బటన్ ఉంది కాబట్టి పాటకు పాటకు మధ్య నొక్కుకోవచ్చు. మినీమోగ్‌లో అదీ లేదు.

జూనోలకు ఈ బాధ లేదు. స్వరం గడియారానిది కాబట్టి 44 డిగ్రీల్లోనూ కదలదు. "జూనోలో వెచ్చదనం శ్రుతి ఊగడం వల్ల వస్తుంది" అనే మాట వినపడుతుంటుంది. అది తప్పు. దాని పేరుమోసిన వెడల్పు కోరస్‌ది, అంటే ఒక్క శబ్దాన్ని పలువురు కలిసి పలికినట్టు చేసే ఎఫెక్ట్‌ది. కోరస్ బటన్ ఆఫ్ చేసి వినండి, మామూలు ఒక్క ఆసిలేటర్ సింథ్ మిగులుతుంది.

వేడి ఇంకో చోట కూడా తింటుంది. పవర్ సప్లైలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు పది డిగ్రీలు పెరిగితే సగమవుతుందని లెక్క. రేకుల షెడ్డులో పెట్టిన మిషన్, స్లాబు కింద పెట్టిన మిషన్ ఒకే రోజు కొన్నా ఒకే రోజు చావవు.

కరెంటు

జపాన్ నుంచి వచ్చే మిషన్ 100 వోల్టులది. మనది 230. దుకాణంలో ట్రాన్స్‌ఫార్మర్ అడిగితే 110 వోల్టులది చేతిలో పెడతారు. పనిచేస్తుంది, కానీ అవసరానికి మించి పది శాతం వోల్టేజి పోతుంది, ఆ మిగులంతా లోపలి రెగ్యులేటర్ మీద వేడిగా తేలుతుంది. ఎండకాలం వేడికి ఇది తోడైతే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. 100 వోల్టుల ట్యాప్ (ఆ వోల్టేజి ఇచ్చే కొస) ఉన్నదే అడగండి, లేదంటే చుట్టించండి. జూనో-106 లాంటిదానికి వంద వీఏ సామర్థ్యమున్న ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది.

చవకైన ఆటో ట్రాన్స్‌ఫార్మర్ మెయిన్స్ నుంచి విడదీయదు. జపాన్ మిషన్‌కు రెండు పిన్నులే, ఎర్త్ ఉండదు. స్లైడర్ ముట్టుకుంటే వేలికి చిమచిమ తగలడం, మిక్సర్‌లో గుర్రుమనే హమ్ రావడం ఇట్లాంటి జతలోనే మొదలవుతాయి. రెండు వైండింగులు విడివిడిగా ఉన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కాస్త బరువు, కాస్త ఖర్చు, అయినా అదే తీసుకోండి. గదికి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ముందు ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

ఊళ్లలో మోటార్లన్నీ ఒకేసారి నడిచే వేళ వోల్టేజి పడుతుంది. పాత సింథ్‌లో లీనియర్ సప్లై ఉంటుంది, వచ్చే వోల్టేజి మరీ పడితే రెగ్యులేటర్ నిలబెట్టలేదు. అప్పుడు హమ్ వస్తుంది, శ్రుతి జారుతుంది, మెమరీ చదవడంలో తప్పులు పోతాయి. ముందు స్టెబిలైజర్ ఉండాల్సిందే. ఇప్పటి మోడలింగ్ సింథ్‌లలో చాలావాటి అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటుంది, 170కి పడినా దానికి పట్టదు. జేయూ-06ఏ యూఎస్‌బీ మీద నడుస్తుంది, నాలుగు పెన్సిల్ సెల్లుల మీద కూడా నడుస్తుంది. మైక్రోకార్గ్‌కు ఆరు సెల్లులు, జూపిటర్-ఎక్స్ఎమ్‌కు (రోలాండ్ కొత్త సింథ్) ఎనిమిది రీచార్జబుల్ సెల్లులు. చెర్వుగట్టు జాతరలోనో కురుమూర్తి జాతరలోనో జనరేటర్ మారుస్తున్న రెండు నిమిషాల్లో కూడా శ్రుతి ఆగకుండా పట్టుకోగలిగేది ఇట్లాంటి మిషనే.

జూనో-106ను విప్పి చూస్తే

కొనాలనుకునేవాళ్ల నోట మొదట వచ్చే పేరు ఇదే కాబట్టి దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ఆరు గొంతులు (ఒకేసారి పలికే స్వరాలు), 128 ప్యాచ్‌లు (దాచుకున్న శబ్దాల అమరికలు), మిడి (వేరే మిషన్లతో కలిపే పద్ధతి) ఉంది, మెట్టు నొక్కే బలానికి స్పందన లేదు. ఒక్కో గొంతుకు ఒక్కో చిన్న నల్లటి మాడ్యూల్, పేరు 80017ఏ. ఫిల్టరూ, శబ్దం పెంచి తగ్గించే భాగమూ అందులోనే ఉంటాయి. చుట్టూ పోసిన నల్లటి పూత ఏళ్లు గడిచేకొద్దీ కరెంటును సన్నగా లీక్ చేయడం మొదలుపెడుతుంది. అప్పుడు ఆరింటిలో ఒక గొంతు చిటపటమంటుంది, లేదా పలకదు, లేదా వేలు తీసినా మోగుతూనే ఉంటుంది. ఈ మోడల్‌కు ఇది రోగం కాదు, ముసలితనం. ఆరు మాడ్యూళ్లకూ వయసు ఒకటే.

అమ్మేవాళ్ల ఇంటికి పోయినప్పుడు ఇట్లా చూడండి. కీ ట్రాన్స్‌పోజ్ బటన్ పట్టుకుని పవర్ ఆన్ చేస్తే టెస్ట్ మోడ్‌లోకి వస్తుంది, మెట్టు నొక్కినప్పుడల్లా ఏ గొంతు పలుకుతుందో డిస్‌ప్లేలో అంకె కనపడుతుంది. కోరస్ ఆఫ్ చేయండి, లేకపోతే చిన్న చిటపటను అది కప్పేస్తుంది. ఒకే మెట్టును ఆరుసార్లు నొక్కి, 1 నుంచి 6 వరకు ఒక్కో గొంతు వినండి. చల్లగా ఉన్నప్పుడు బాగానే పలికి గంట తర్వాత మొరాయించే గొంతులుంటాయి, అందుకే చాయ్ తాగి మళ్లీ ఒకసారి ఇదే పరీక్ష చేయండి. రెండు గొంతులు ఒకేసారి పోయాయంటే అనుమానం 80017ఏ మీదికంటే, రెండేసి గొంతులకు తరంగం అందించే ఎంసీ5534ఏ మీదికి పోవాలి.

బాగుచేసే దారులు రెండు. మాడ్యూల్‌ను బోర్డు నుంచి పీకి, అసిటోన్‌లో ఒకటి రెండు రోజులు నానబెట్టి, మెత్తబడిన పూతను వలిచేయడం ఒకటి. చాలావరకు బతుకుతాయి. తొందరపడి గీకితే లోపలి సన్నని భాగాలు ఊడిపోతాయి. రెండోది, కొత్తగా తయారుచేస్తున్న బదులు మాడ్యూళ్లు తెప్పించి ఆరూ ఒకేసారి మార్చడం. ఒక్కటి మార్చి వదిలేస్తే మిగతా ఐదు వరుస కడతాయి, బోర్డు మళ్లీ మళ్లీ విప్పాల్సి వస్తుంది. మామూలు ఐసీలు, కెపాసిటర్లు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఈ మాడ్యూళ్లు విదేశం నుంచి రావాల్సిందే.

స్లైడర్లు గరగరమంటే సైకిల్ చైనుకు కొట్టే స్ప్రే కొట్టకండి. లోపలి గ్రీజు కరిగిపోయి, ఆ జిడ్డుకు చెల్క దుమ్ము అంటుకుని ఆరు నెలల్లో స్లైడర్ బిగుసుకుంటుంది. ఫేడర్ల కోసమే చేసిన క్లీనర్ వేరే ఉంటుంది.

కార్గ్ పాలీసిక్స్ (1981) చవగ్గా దొరికిందని ఎవరైనా చెప్తే, ముందు లోపలి బోర్డు ఫొటో అడగండి. మెమరీ కోసం పెట్టిన నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి కేఎల్ఎమ్-367 బోర్డు మీది రాగి దారులను తినేస్తుంది. ఆకుపచ్చ చిలుము కనిపిస్తే బేరం మానండి.

మరి శబ్దం?

నిజంగా తేడా ఎక్కడ వినపడుతుందో చెప్తాం. ఫిల్టర్ రెజొనెన్స్ (కోత దగ్గర శబ్దాన్ని ఉబ్బించే నాబ్) చివరిదాకా తిప్పి, కటాఫ్‌ను (కోత ఎక్కడ మొదలవ్వాలో చెప్పే నాబ్) వేగంగా తిప్పినప్పుడు పాత ఫిల్టర్ ఒక రకంగా మూలుగుతుంది. మినీమోగ్‌లో మూడు ఆసిలేటర్లను గట్టిగా ఫిల్టర్‌లోకి తోసినప్పుడు వచ్చే ముద్దతనం కూడా అట్లాంటిదే. మొదటి తరం మోడలింగ్ సింథ్‌లు ఈ రెండు చోట్లా దొరికిపోతాయి, కొత్తవి చాలా దగ్గరికి వచ్చాయి.

డిజిటల్‌లోని లోపం పట్టుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. సా వేవ్ (రంపం పళ్ల ఆకారపు తరంగం) పెట్టి, ఫిల్టర్ పూర్తిగా తెరిచి, పై చివరి ఆక్టేవ్‌లో ఒక మెట్టు నొక్కి బెండర్‌ను (స్వరాన్ని పైకీ కిందికీ జార్చే మీటను) మెల్లగా పైకి తోయండి. స్వరం పైకి పోతుంటే లోపల సన్నని ఈల ఒకటి కిందికి దిగుతున్నట్టు వినపడితే అది అలియాసింగ్. మంచి మోడలింగ్‌లో అది వినపడదు.

"డిజిటల్‌లో నాబ్ తిప్పితే మెట్లు మెట్లుగా వినపడుతుంది" అనేది ఇంకో ఫిర్యాదు. కొన్నింట్లో నిజమే. కానీ జూనో-106 స్లైడర్ల స్థానాన్ని కూడా లోపలి ప్రాసెసర్ అంకెలుగానే చదువుతుంది. ఆ మెట్లు అందులోనూ ఉన్నాయి, 1984 నాటివి కాబట్టి ఎవరూ తప్పు పట్టరు.

ఇక అసలు పరీక్ష డప్పు పక్కన పెట్టి వినడం. రెండు సింథ్‌లలో ఒకే బేస్ వరుస రికార్డు చేసి, రెండింటి మోతను మీటర్ మీద సమానం చేయండి. అర డెసిబెల్ ఎక్కువున్నా చెవికి అదే బాగుందనిపిస్తుంది. ముందు విడిగా వినండి, తర్వాత డప్పు, చప్పట్లు, బృందం గొంతులు కలిపి, ఏది ఏదో తెలియకుండా ఇంకొకరిని వాయించమనండి. విడిగా తేడా చెప్పగలిగినవాళ్లలో చాలామంది, డప్పు మీద సితికెన పుల్ల దెబ్బ పడ్డాక చెప్పలేరు. నెమ్మది పాటలో ఒంటరిగా నిలబడే లీడ్‌కు మాత్రం తేడా మిగులుతుంది.

శబ్దం పలచగా వస్తోందంటే చాలాసార్లు తప్పు మిషన్‌ది కాదు, అమరికది. నాలుగున్నర శ్రుతిలో పాట అయితే కింది ఎఫ్ షార్ప్ 46 హెర్ట్‌జ్. వినేవాళ్లు ఫోన్‌లో వింటారు, ఫోన్ స్పీకర్ 200 కింద దాదాపు ఏమీ పలకదు. కాబట్టి బేస్ ఫోన్‌లో వినపడాలంటే పై హార్మోనిక్‌లు (అసలు స్వరంతో కలిసి దానికి పైన పలికే స్వరాలు) ఉండాలి. సా వేవ్ పెట్టి, కటాఫ్ 400, 500 హెర్ట్‌జ్ దగ్గర ఉంచి, డికే (మొదటి మోత తగ్గే సమయం) 300 మిల్లీసెకన్లు, సస్టెయిన్ (ఆ తర్వాత నిలిచే మోత) నలభై శాతం, గ్లైడ్ (స్వరం నుంచి స్వరానికి జారే సమయం) 60 మిల్లీసెకన్లు ఇవ్వండి. సబ్ ఆసిలేటర్ ఒక ఆక్టేవ్ కింద మోగుతుంది. అసలు స్వరమే 46 అయితే సబ్ 23కు పోయి ఎవరికీ వినపడదు, డీజే బాక్సుల శక్తిని మాత్రం తింటుంది. అసలు స్వరాన్ని 92 దగ్గర వాయించి సబ్‌ను 46 మీద నిలబెట్టండి. ఇదంతా చవకైన మోడలింగ్‌లోనూ అట్లాగే పనిచేస్తుంది.

వేళ్ల అలవాటు

సన్నాయి తీరులో గమకం పలికించాలంటే మోనో (ఒకసారికి ఒకే స్వరం), లెగాటో (స్వరాలు తెగకుండా కలపడం), గ్లైడ్ మూడూ కావాలి. మినీమోగ్‌లో గ్లైడ్ అద్భుతం, కానీ రెండు మెట్లు నొక్కితే కింది మెట్టే గెలుస్తుంది. కింది మెట్టు పట్టుకుని పైదాన్ని తడితే ఏమీ పలకదు. చివరి మెట్టు గెలిచే కీబోర్డుల మీద చేయి తిరిగినవాళ్లకు ఇది పెద్ద అడ్డంకి. జూనో-60లో పోర్టమెంటో (గ్లైడ్‌కే ఇంకో పేరు) అసలే లేదు, 106లో ఉంది. మోడలింగ్ సింథ్‌లో ఇవన్నీ సెట్టింగులు. బెండర్ పరిధిని రెండు మెట్లుగా పెట్టుకుంటారా నాలుగా అన్నది పాటకు పాటకు మార్చుకోవచ్చు. గాయని శ్రుతి 440 హెర్ట్‌జ్ ప్రమాణానికి అటూ ఇటూ ఉంటే అంకె చూసి సెంట్లలో కలపవచ్చు.

సాఫ్ట్‌వేర్ తీసుకుంటే

ఖర్చు అన్నింటికంటే తక్కువ, శబ్దం అన్నింటికంటే దగ్గర. ఇబ్బంది ల్యాప్‌టాప్‌తో. 44.1 కిలోహెర్ట్‌జ్‌లో బఫర్ (ల్యాప్‌టాప్ ఒక్కో విడతకు లెక్కించే శబ్దం ముక్క) 128 పెడితే ఆలస్యం 2.9 మిల్లీసెకన్లు, 512 పెడితే 11.6. ఇంటర్‌ఫేస్ సొంత ఆలస్యం దీనికి అదనం. వాయించేటప్పుడు 128 లేదా 256, మిక్స్ చేసేటప్పుడు 512 పెట్టుకోండి. డీవాలో డివైన్ అనే నాణ్యత స్థాయి ప్రాసెసర్‌ను పిండేస్తుంది. ఉక్కపోత గదిలో ల్యాప్‌టాప్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది, అప్పుడు పటపటమని తెగుతుంది. వాయించేటప్పుడు ఫాస్ట్‌లో ఉంచి, చివర్లో ఫైల్ తీసేటప్పుడు డివైన్‌కు మార్చండి. స్టేజీ మీదికి ల్యాప్‌టాప్ ఒక్కదాన్నే నమ్మి పోవద్దు.

అనలాగే కావాలని మనసు పట్టుబడితే మధ్యదారి ఉంది: కొత్తగా తయారైన అనలాగ్. కార్గ్ మినీలాగ్ నాలుగు గొంతుల వీసీఓ, బెహ్రింగర్ డీప్‌మైండ్ 12 పన్నెండు గొంతుల డీసీఓ. ఎండను బట్టి చూస్తే రెండోదే మనకు నయం. కొత్త మిషన్‌కు కొత్త కెపాసిటర్లు, వారంటీ కాగితం ఉంటాయి.

డబ్బు మాట క్లుప్తంగా: విదేశం నుంచి జూనో-106 తెప్పిస్తే రవాణా, కస్టమ్స్ కలిపి రెండు లక్షలు దాటడం మామూలే. దాని మీద ట్రాన్స్‌ఫార్మర్, స్టెబిలైజర్, మాడ్యూళ్ల ఖర్చు పక్కన పెట్టుకోవాలి. జూపిటర్-8 ధరకు కారు వస్తుంది.

ఇప్పటికే ఇంట్లో జూనో-106 ఉన్నవాళ్లు ఒక పని వాయిదా వేయకండి. లోపల మెమరీని పట్టి ఉంచేది బోర్డుకు టంకం వేసిన సీఆర్2032 బ్యాటరీ. మీటర్‌లో 2.5 వోల్టుల కిందికి వస్తే మార్చాలి. దానికి ముందే, మిషన్ వెనక వైపున్న టేప్ జాక్ నుంచి ప్యాచ్‌లను కంప్యూటర్‌లోకి వేవ్ ఫైల్‌గా రికార్డు చేయండి, ఎంపీ3గా చేస్తే డేటా పాడవుతుంది. వెరిఫై చేసి సరిగ్గా ఎక్కిందని తేలాకే బ్యాటరీ విప్పండి. ఆ చోట హోల్డర్ పెట్టిస్తే మళ్లీసారి టంకం అవసరం పడదు.